తొలి జింక వేట: ట్రిగ్గర్ మీదికి వేలు వెళ్లేలోపు తేలాల్సిన సంగతులు

అమెరికాలో ఉంటున్న పాఠకుల నుంచి జింకల వేట సీజన్ గురించి వచ్చిన ఉత్తరాలకు ఈసారి శీర్షికను కేటాయించాం. భారతదేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జింకను వేటాడటం నేరం. ఇక్కడ చెప్పేదంతా లైసెన్సుతో వేట చట్టబద్ధమైన అమెరికా రాష్ట్రాలకే వర్తిస్తుంది.

ప్రశ్న: నేను హెచ్-1బి వీసా మీద ఉన్నాను. ఆఫీసులో స్నేహితుడు ఈ నవంబరులో వేటకు రమ్మంటున్నాడు, రైఫిల్ తనే ఇస్తానంటున్నాడు. పట్టుకోవచ్చా?

వేట లైసెన్సు చేతికి రాకముందు పట్టుకోకండి. ఫెడరల్ చట్టం ప్రకారం నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవారి దగ్గర తుపాకీ గానీ తూటాలు గానీ ఉండకూడదు. దీనికి ఉన్న మినహాయింపుల్లో ఒకటి, ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. తుపాకీ సొంతమా, అరువా అన్న తేడా లేదు. లైసెన్సు గడువు తీరిన రోజునే ఆ మినహాయింపూ పోతుంది. వీసాకే ముప్పు తెచ్చే విషయం కాబట్టి ముందుగా ఇమ్మిగ్రేషన్ లాయరును ఒకసారి అడగండి. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ నిషేధం లేదు.

లైసెన్సుకు ముందు చాలా రాష్ట్రాల్లో హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తి చేయాలి. కోర్సు లేకుండా, అనుభవం ఉన్నవారి పక్కన ఉండి వేటాడేందుకు అప్రెంటిస్ లైసెన్సులిచ్చే రాష్ట్రాలూ ఉన్నాయి. చట్టం ఒప్పుకున్నా మా సలహా మాత్రం కోర్సు చేసి వెళ్లమనే. తుపాకీని ఎవరైనా సరిదిద్దుతూ ఉండగా పట్టుకోవడం అడవిలో కాదు, తరగతిలో మొదలవ్వాలి.

ప్రశ్న: మా బావగారు రైఫిల్ చేతికిచ్చేటప్పుడు "సేఫ్టీ వేసే ఉందిలే" అంటారు. గొట్టం మాత్రం ఎటు పడితే అటు తిరిగి ఉంటుంది. అడిగితే నాది చాదస్తమంటారు. నిజంగా చాదస్తమేనా?

కాదు. మీరు అడిగిందే సరైనది. సేఫ్టీ అంటే ట్రిగ్గర్ పనిచేయకుండా ఆపే ఒక చిన్న మీట. అరుగుతుంది, మురికి పట్టి సగంలో నిలుస్తుంది, కొమ్మ తగిలి ముందుకు జరుగుతుంది. అది పనిచేయని క్షణంలో మనిషిని కాపాడేది గొట్టం మూతి ఎటు తిరిగి ఉందన్న ఒక్క విషయమే. అందుకే ప్రతి తుపాకీలోనూ తూటా ఉందనే అనుకోవాలి, మూతి ఎప్పుడూ పేలినా ఎవరికీ తగలని దిక్కుకే ఉండాలి. పేల్చాలని నిశ్చయించుకునే దాకా చూపుడువేలు ట్రిగ్గర్ గార్డుకు బయట, చెక్క మీద చాచి ఉండాలి. నాలుగోది, కొట్టబోయేది ఏమిటో, దాని వెనక ఏముందో తెలియాలి. దీని గురించి కింద వేరే ప్రశ్నలో వివరంగా చెప్పాం.

చేతులు మారే పద్ధతి ఇది. ఇచ్చేవారు మూతిని భద్రమైన వైపు తిప్పి ముందు మ్యాగజైన్, అంటే తూటాలు నింపే డబ్బా, తీయాలి. తీయడానికి రాని రకమైతే అడుగున ఉన్న మూత తెరిచి తూటాలు దించేయాలి. ఆ తర్వాత బోల్ట్ (గొట్టం వెనక భాగాన్ని మూసే కడ్డీ) వెనక్కి లాగి చాంబర్‌లోకి (పేలబోయే తూటా కూర్చునే చోటు) చూడాలి, చిటికెనవేలు పెట్టి తడిమి కూడా చూడాలి, ఎందుకంటే తెల్లవారుజామున మసక వెలుతురులో కంటిని నమ్మలేం. బోల్ట్ తెరిచే ఉంచి ఇవ్వాలి. అందుకున్నవారు, ఇచ్చినవారు కళ్లెదుటే చూసినా సరే, మళ్లీ చూడాలి.

ఈ వరుస మార్చకూడదు. మ్యాగజైన్ ఉండగానే బోల్ట్ లాగితే చాంబర్‌లోని తూటా బయటపడుతుంది. "ఖాళీ అయింది" అనుకుని బోల్ట్ ముందుకు తోయగానే మ్యాగజైన్ నుంచి ఇంకో తూటా లోపలికి పోతుంది. తూటా కిందపడటం కళ్లారా చూశారు కాబట్టి ఆ మనిషికి అనుమానమే రాదు. ఇంకో సంగతి: కొన్ని పాత బోల్ట్ రైఫిళ్లలో సేఫ్టీ వేసి ఉంటే బోల్ట్ కదలదు. తూటా తీయాలంటే సేఫ్టీ తీయక తప్పదు. ఆ సమయంలో మూతి దిక్కు, ట్రిగ్గర్‌కు దూరంగా ఉన్న వేలు తప్ప వేరే రక్ష లేదు. బావగారికి ఇదంతా చెప్పడం మొహమాటమనిపిస్తే, ఆయన రైఫిల్ చాచినప్పుడు చేయి చాచకుండా "బోల్ట్ తెరిచి ఇవ్వండి బావగారూ" అనండి చాలు.

ప్రశ్న: మొదటి రైఫిల్ .30-06 కొనమని ఒకరు, .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ అయితే దెబ్బకు పడుతుందని ఇంకొకరు అంటున్నారు. నేను సన్నగా ఉంటాను. ఏది మంచిది?

ఇవన్నీ తూటా రకాల పేర్లు. వైట్‌టెయిల్ జింకకు మాగ్నమ్, అంటే ఎక్కువ బలమున్న తూటా, అక్కర్లేదు. 100 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువు కొలత) బుల్లెట్‌తో .243 విన్‌చెస్టర్, 140 గ్రెయిన్ల బుల్లెట్‌తో 7ఎంఎం-08 రెమింగ్టన్, 150 గ్రెయిన్ల బుల్లెట్‌తో .308 విన్‌చెస్టర్, ఏదైనా సరిపోతుంది. ఏడెనిమిది పౌండ్ల రైఫిల్‌లో .243 భుజాన్ని తన్నే శక్తి సుమారు 9 ఫుట్ పౌండ్లు, .308ది సుమారు 16, .30-06ది సుమారు 20, .300 మాగ్నమ్‌ది 25 పైచిలుకు. పెద్ద క్యాలిబర్ (తూటా సైజు) గురి తప్పును సరిదిద్దదు, తరచుగా ఆ తప్పుకు కారణమే అవుతుంది.

ఎలాగంటే, తన్నుకూ చప్పుడుకూ భయపడిన శరీరం పేలుడుకు ముందే కళ్లు మూసుకుంటుంది, భుజం ముందుకు తోస్తుంది, ట్రిగ్గర్‌ను ఒక్కసారిగా లాగేస్తుంది. బుల్లెట్ కిందికో పక్కకో పోతుంది. పేలుడు హోరులో మనకది తెలియదు. తెలుసుకోవాలంటే రేంజ్‌లో (కాల్చడం సాధన చేసే చోట) స్నేహితుడు మీకు చెప్పకుండా ఒకసారి అసలు తూటా, ఒకసారి స్నాప్ క్యాప్ (పేలని ఉత్తుత్తి తూటా) పెట్టి ఇవ్వాలి. స్నాప్ క్యాప్ వచ్చినప్పుడు "టిక్" మనగానే మూతి కిందికి కుంగితే జబ్బు అదే. మందు ఏమిటంటే, తూటాలు వేరే గదిలో పెట్టి, ఖాళీ అని రెండుసార్లు చూసుకుని, భద్రమైన గోడవైపు గురిపెట్టి ట్రిగ్గర్‌ను మెల్లగా నేరుగా వెనక్కి నొక్కే సాధన చేయాలి. రేంజ్‌లో ఒక పూటకు 15, 20 తూటాలు దాటకండి. అలసిన భుజం చెడు అలవాట్లే నేర్చుకుంటుంది. చెవిలో ప్లగ్గులు, పైన మఫ్స్ రెండూ పెట్టుకోండి. ఈ రైఫిళ్ల చప్పుడు 160 డెసిబెల్స్ చుట్టూ ఉంటుంది, 140 దాటిన ఒక్క పేలుడైనా వినికిడిని శాశ్వతంగా దెబ్బతీయగలదు. వేటలోనూ ఎలక్ట్రానిక్ మఫ్స్ వాడితే ఆకుల అలికిడి వినిపిస్తుంది, పేలుడు శబ్దం తగ్గుతుంది.

తూటా అడుగున చెక్కిన పేరు, గొట్టం మీద చెక్కిన పేరు అక్షరం తేడా లేకుండా కలవాలి. లోపలికి దూరింది కాబట్టి సరైనదే అనుకోవద్దు. .300 బ్లాకౌట్ తూటా .223 రైఫిల్ చాంబర్‌లో కూర్చోగలదు. పేలిస్తే రైఫిల్ పగిలి మొహం మీదికి వస్తుంది. రెండు క్యాలిబర్ల పెట్టెలు ఒకే సంచిలో వేసుకుని వెళ్లకపోవడమే మంచిది.

ప్రశ్న: స్కోప్ బిగించి బోర్ సైట్ చేసి ఇచ్చారు. నేరుగా వేటకు వెళ్లొచ్చా?

వెళ్లకూడదు. బోర్ సైట్ అంటే తూటా కాల్చకుండానే గొట్టమూ స్కోప్ (గురి చూసే దుర్భిణి) ఒకే చోటికి చూసేలా సర్దడం. అలా చేస్తే బుల్లెట్ కాగితం మీద ఎక్కడో పడుతుంది, అంతవరకే. ఇసుక సంచుల మీద రైఫిల్ ముందుభాగపు చెక్కను ఆనించండి. గొట్టాన్ని ఆనిస్తే దాని కంపనం మారి గురి మారుతుంది. మొదట 25 గజాల నుంచి కొట్టండి. సాధారణ స్కోప్‌లో ఒక క్లిక్ 100 గజాల దగ్గర పావు అంగుళం జరుపుతుంది, 25 గజాల దగ్గర అందులో నాలుగో వంతు, అంటే అంగుళంలో 16వ వంతు. బుల్లెట్ 2 అంగుళాలు కిందపడితే 32 క్లిక్కులు పైకి తిప్పాలి. చాలామంది ఇక్కడ 8 క్లిక్కులే తిప్పి స్కోప్ పాడైందనుకుంటారు.

గురి దగ్గరకో, అర అంగుళం కిందికో వచ్చాక 100 గజాలకు వెళ్లండి. మూడేసి తూటాలు కొట్టి ఆ మూడింటి నడిమధ్యను బట్టే సర్దాలి, ఒక్క రంధ్రాన్ని చూసి తిప్పకూడదు. గొట్టం చేతికి వేడిగా తగులుతుంటే చల్లారనివ్వండి. 150 గ్రెయిన్ల .308ను 100 గజాలకు సరిగ్గా కుదిర్చితే 200 గజాల దగ్గర బుల్లెట్ 4, 5 అంగుళాలు కిందపడుతుంది. కొత్తవారికి 100 గజాల గురే సరిపోతుంది. కంటికీ స్కోప్‌కూ మధ్య దాదాపు మూడున్నర అంగుళాలు ఉండాలి, లేదంటే కనుబొమ మీద అర్ధచంద్రాకారపు గాయం ఖాయం.

గురి నిలవకపోతే ముందు స్కోప్ రింగుల మరలు చూడండి. తూటా బ్రాండు మార్చినా, బుల్లెట్ బరువు మార్చినా మళ్లీ కాగితం మీద కొట్టి చూడాల్సిందే. గొట్టానికి నూనె పట్టించి ఉంటే మొదటి బుల్లెట్ పక్కకు పోవచ్చు. కాబట్టి శుభ్రం చేశాక ఒకటి రెండు తూటాలు రేంజ్‌లో కాల్చి వేటకు తీసుకెళ్లండి.

ఆ తర్వాత బెంచీ వదిలేయండి. మోకాలి మీద, కూర్చుని, చెట్టుకు ఆనుకుని 8 అంగుళాల వృత్తంలో ఐదుకు ఐదు పడే దూరం ఎంతో కొలవండి. మీ హద్దు అదే. అది 80 గజాలైతే 81వ గజం దగ్గరున్న జింక మీది కాదు.

తూటా పేలకపోతే మూతి లక్ష్యం వైపే ఉంచి 30 సెకన్లు ఆగండి, ఆలస్యంగా పేలవచ్చు. చప్పుడు మామూలుకన్నా మందంగా వస్తే ఇంకో తూటా పెట్టకండి. ఖాళీ చేసి, బోల్ట్ పూర్తిగా బయటికి తీసి, వెనక నుంచి గొట్టంలోకి చూడండి. బుల్లెట్ లోపలే ఇరుక్కుని ఉండవచ్చు. మంచులోకో బురదలోకో మూతి గుచ్చుకున్నా ఇంతే.

ప్రశ్న: నారింజ చొక్కా వేసుకుంటే జింక చూసి పారిపోదా?

పారిపోదు. జింక కంటికి నారింజ, ఎరుపు రంగులు మనకు కనిపించినట్టు కనిపించవు, మసకగానే ఉంటాయి. నీలం, అతినీలలోహిత కాంతి మాత్రం బాగా తెలుస్తాయి, అందుకే జీన్స్, తెలుపు మెరిపించే డిటర్జెంట్‌తో ఉతికిన బట్టలు వద్దు. ఎంత నారింజ ఉండాలన్నది రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. పెన్సిల్వేనియాలో రైఫిల్ సీజన్లో తల, ఛాతీ, వీపు కలిపి 250 చదరపు అంగుళాలు, అన్ని వైపుల నుంచీ కనిపించాలి. చట్టం అడగని చోట కూడా టోపీ, చొక్కా వేసుకోండి. దాన్ని చూసేది జింక కాదు, ఇంకో వేటగాడు.

ప్రశ్న: చెట్టు మంచె ఎక్కేటప్పుడు, కంచె దాటేటప్పుడు రైఫిల్ వీపున వేసుకోవచ్చా?

రెండు చోట్లా వద్దు. కంచె దగ్గర ఆగి, తూటాలన్నీ తీసి, బోల్ట్ తెరిచి, రైఫిల్‌ను కంచె కిందుగా అవతలికి జార్చి నేల మీద పెట్టండి, మూతి మీరు దాటే చోటికి ఎదురుగా ఉండకూడదు. తర్వాత కాస్త దూరంలో దాటండి. ఇద్దరుంటే ఒకరు దాటాక ఇంకొకరు అందించవచ్చు.

మంచె ఎక్కడానికి నేల మీద నుంచే ఒళ్లంతటికీ పట్టీలున్న హార్నెస్ కట్టుకుని, దాన్ని లైఫ్‌లైన్‌కు (చెట్టుకు కట్టిన రక్షణ తాడు) తగిలించాలి. మంచె మీద కూర్చున్నాకే తగిలిస్తే లాభం లేదు, ఎక్కేటప్పుడు, దిగేటప్పుడే జారతారు. రైఫిల్ ఖాళీ చేసి, మూతి కిందికి ఉండేలా తాడుకు కట్టి, మీరు కూర్చుని కుదురుకున్నాక పైకి లాక్కోండి. తాడును ట్రిగ్గర్ గార్డుకు కట్టొద్దు. మూతికి చిన్న టేపు ముక్క అంటిస్తే మట్టి దూరదు. దిగేటప్పుడు ఇదే వరుస తిరగేయాలి. చలికి వేళ్లు బిగిసి ఉంటాయి కనుక దిగేటప్పుడే ఎక్కువ జాగ్రత్త అవసరం.

ప్రశ్న: జింక ఎదురైనప్పుడు ఎక్కడ గురి పెట్టాలి? గుండె దడదడలాడుతుంటే ఏం చేయాలి?

పక్కకు తిరిగి నిలబడినప్పుడు ముందుకాలి వెనక గీత పట్టుకుని పైకి వెళ్లండి, ఛాతీ అడుగు నుంచి మూడో వంతు ఎత్తున గుండె పైభాగం, ఊపిరితిత్తులు ఉంటాయి. గురి అక్కడ. తల మనకు దూరంగా ఉండేలా ఏటవాలుగా నిలబడితే అవతలి ముందుకాలి మీదుగా బుల్లెట్ బయటికి వచ్చేలా గురి పెట్టాలి. తల, మెడ, వెనుక భాగం, ఎదురుగా నిలబడ్డ ఛాతీ, ఇవేవీ కొత్తవారు ప్రయత్నించకూడదు. దవడ పగిలిన జింక రోజుల తరబడి తిండి లేక చస్తుంది. పరుగెత్తే జింకను వదిలేయండి.

గురికన్నా ముందు తేలాల్సిన ప్రశ్నలున్నాయి. పూర్తి జింక కనిపించిందా, లేక కదిలే పొద మాత్రమేనా? కదలికను బైనాక్యులర్స్‌తోనే చూడాలి. స్కోప్‌తో చూస్తే, అక్కడున్నది మనిషైతే మీరు ఆ మనిషికి రైఫిల్ గురిపెట్టినట్టే. కనబడింది మీ ట్యాగ్‌కు (వేటాడిన జింకకు కట్టాల్సిన అనుమతి చీటీ) సరిపోయే జింకేనా, మగదా ఆడదా? దాని వెనక బుల్లెట్‌ను ఆపే మట్టి గట్టు ఉందా? మిట్ట మీద ఆకాశానికి అడ్డంగా నిలబడ్డ జింకను కొట్టకూడదు, ఎందుకంటే .30-06 బుల్లెట్ మూడు మైళ్ల దాకా పోగలదు. జింక వెనక ఇంకో జింక ఉన్నా ఆగాలి, బుల్లెట్ రెండింటిలోనూ దూరవచ్చు. పక్కన తోటివారుంటే ఎవరి దిక్కు ఎంతవరకో వెలుతురు రాకముందే మాట్లాడుకోండి. చాలా రాష్ట్రాల్లో సూర్యోదయానికి అరగంట ముందు నుంచి కొట్టవచ్చు, కానీ గడియారం ఒప్పుకున్నా కంటికి స్పష్టంగా కనిపించకపోతే సమయం కాలేదనే లెక్క.

దడ అందరికీ వస్తుంది. కొమ్ములు చూడటం మానేసి, కొట్టాల్సిన చోట ఒక్క వెంట్రుకల కుదురును ఎంచుకుని దాన్నే చూడండి. రెండు మూడుసార్లు నిండుగా ఊపిరి వదిలి, సగం వదిలిన చోట నిలిపి, సేఫ్టీ తీసి నొక్కండి. స్కోప్‌లోని క్రాస్‌హెయిర్ గీతలు ఆ కుదురు మీద నిలవకపోతే సేఫ్టీ వేసేయండి. కొట్టకుండా ఇంటికి వచ్చిన రోజును ఎవరూ తప్పుపట్టరు.

ప్రశ్న: తగిలింది కానీ పారిపోయింది. వెంటనే వెంటపడాలా?

పడొద్దు. పేల్చగానే మూతి అటే ఉంచి ఇంకో తూటా ఎక్కించి, సేఫ్టీ వేసి, జింక ఎటు పోయిందో చూస్తూ ఉండండి. అది నిలబడ్డ చోటుకూ, చివరిసారి కనబడ్డ చోటుకూ ఒక్కో చెట్టో బండో గుర్తు పెట్టుకోండి. మంచె దిగితే అన్నీ వేరుగా కనిపిస్తాయి. వెనక కాళ్లు ఎగరేసి పరుగు తీస్తే గుండె దగ్గర తగిలి ఉండొచ్చు. వీపు విల్లులా వంచి మెల్లగా నడిస్తే పొట్టలో తగిలిందనే అనుమానించాలి.

మొదట తగిలిన చోట నెత్తురు చూడండి. లేత గులాబీ రంగులో నురుగుతో ఉంటే ఊపిరితిత్తులు, అరగంట ఆగి వెళ్లవచ్చు. చిక్కటి ముదురు ఎరుపైతే కాలేయం కావచ్చు, మూడు నాలుగు గంటలు ఆగాలి. పచ్చటి పసరు, దుర్వాసన ఉంటే పొట్ట, కనీసం ఆరు నుంచి ఎనిమిది గంటలు. తొందరపడి లేపితే దెబ్బ తిన్న జింక మైలు దూరం పోతుంది, నెత్తురు జాడ ఆగిపోతుంది, ఇక దొరకదు. ఆగితే మొదట పడుకున్న చోటే దొరికే అవకాశం ఎక్కువ. జాడ మీద నడవకుండా పక్కన నడవండి, ఆఖరి చుక్క దగ్గర కాగితం ముక్క వదిలి తర్వాతది వెతకండి. పక్కవారి పొలంలోకి పోతే అనుమతి అడగాలి. చీకట్లో వెతికేటప్పుడు రైఫిల్ వెంట ఉండొచ్చా అన్నది ముందే మీ రాష్ట్ర నిబంధనల్లో చూసుకోండి.

పడి ఉన్న జింక దగ్గరకు వీపు వైపు నుంచే వెళ్లండి, గిట్టలు, కొమ్ముల వైపు నుంచి వద్దు. కన్ను మూసి ఉంటే ఇంకా బతికి ఉండే అవకాశముంది. పొడుగాటి కర్రతో కంటిగుడ్డును తాకితే కదలకూడదు. కదిలితే వెనక్కి వచ్చి ఛాతీలో ఇంకో తూటా కాల్చండి. చచ్చిందని తేలాక మొదటి పని రైఫిల్ ఖాళీ చేయడం. సంతోషంలో మరిచిపోయేది ఇదే. తర్వాత ట్యాగ్, ఆ తర్వాతే ఫోటోలు.

ప్రశ్న: మాంసం పాడవకుండా ఏం చేయాలి? జింకలకు ఏదో జబ్బు వస్తోందంటున్నారు, తినొచ్చా?

మాంసాన్ని పాడుచేసేది ఒంటి వేడి, కాబట్టి పేగులు అక్కడే తీసేయాలి. రబ్బరు గ్లవ్స్ వేసుకుని, మూడు నాలుగు అంగుళాల కత్తితో మలద్వారం చుట్టూ కోసి ముడి వేయండి. రొమ్ము ఎముక కింద చిన్న గాటు పెట్టి, రెండు వేళ్లు లోపల దూర్చి పొట్టను కిందికి అణిచి, వేళ్ల మధ్య కత్తి అంచు పైకి ఉండేలా చర్మాన్ని కోస్తూ పోండి. అంచు కిందికుంటే పొట్టో మూత్రాశయమో తెగి మాంసమంతా పాడవుతుంది. ఛాతీకీ పొట్టకూ మధ్య ఉన్న అడ్డుపొరను కోసి, చేయి పైకి పెట్టి శ్వాసనాళం తెంపితే అన్నీ కలిసి బయటికి వస్తాయి. ఈ ఆఖరి కోత కంటికి కనబడకుండా చేసేది, రెండో చేతి వేళ్లు ఎక్కడున్నాయో చూసుకోండి.

కడుపును కర్రతో తెరిచి ఉంచి గాలి ఆడనివ్వండి. మాంసం వీలైనంత త్వరగా 40 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు దిగాలి. పగలు 50 దాటితే లోపల మూసిన ఐసు సంచులు పెట్టండి, విడి ఐసు కరిగిన నీళ్లలో మాంసం నానకూడదు. సీసం బుల్లెట్ తుంపులు గాయానికి చాలా దూరం చెదురుతాయి, కాబట్టి చుట్టూ మాంసాన్ని ధారాళంగా కోసి పారేయండి. పిల్లలకు, గర్భిణులకు పెట్టేదుంటే రాగి బుల్లెట్లు వాడటమే మేలు.

మీరు విన్న జబ్బు క్రానిక్ వేస్టింగ్ డిసీజ్. 1967లో కొలరాడోలోని ఒక పరిశోధనా కేంద్రంలో మొదట కనబడింది. ప్రియాన్ అనే వికృతమైన ప్రొటీన్ వల్ల వస్తుంది, వండినా నశించదు. మనుషులకు సోకినట్టు ఇంతవరకు రుజువు కాలేదు, అయినా పాజిటివ్ వచ్చిన జింకను తినొద్దనే ఆరోగ్య అధికారుల సలహా. జబ్బున్న ప్రాంతాల్లో గొంతు దగ్గరి లింఫు గ్రంథులు ఇస్తే రాష్ట్ర వన్యప్రాణి శాఖ పరీక్ష చేయిస్తుంది. ఫలితం వచ్చేదాకా ఆ మాంసాన్ని విడిగా, పేరు రాసి ఫ్రీజర్‌లో ఉంచండి. మెదడు, వెన్నుపాము జోలికి పోవద్దు. వాటితో ఉన్న కళేబరాన్ని రాష్ట్రం దాటించడాన్ని చాలా చోట్ల నిషేధించారు.

ప్రశ్న: మా వారు రైఫిల్ కొన్నారు. ఇంట్లో ఆరేళ్ల బాబు ఉన్నాడు. అల్మారా పైన పెడితే సరిపోతుందంటున్నారు.

సరిపోదమ్మా. కుర్చీ వేసుకుంటే ఆరేళ్ల పిల్లవాడికి అందని ఎత్తు లేదు. తాళం వేసే ఉక్కు పెట్టె కొనండి, దాన్ని గోడకు బోల్టులతో బిగించండి. రైఫిల్ ఖాళీగా, వీలైతే బోల్ట్ తీసి వేరేచోట పెట్టి ఉండాలి. తూటాలు వేరే తాళంలో ఉండాలి. కోడ్ బాబు పుట్టినరోజు కాకూడదు, తాళంచెవి వంటింటి కొక్కేనికి వేలాడకూడదు. కారులో తీసుకెళ్లేటప్పుడూ ఖాళీ చేసి, కేసులో పెట్టి, డిక్కీలో ఉంచాలి. బాబుకు మాత్రం ఇప్పుడే ఒక మాట నేర్పండి: ఎవరింట్లోనైనా తుపాకీ కనిపిస్తే ముట్టుకోకుండా అక్కడి నుంచి వచ్చేసి పెద్దవాళ్లకు చెప్పాలి. ఆడుకోవడానికి వెళ్లే ఇంటి పెద్దలను కూడా మీ ఇంట్లో తుపాకీ ఉందా, తాళం వేశారా అని అడగండి.